గోదావరి డెల్టాలో పడవ, నౌకా వృత్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల వెంబడి ఉన్న ఊళ్లలో నీటి పని తెలిసినవారికి కొదవ లేదు. అయితే ఆ పని తమకు తెలుసని రుజువు చేసే కాగితం ఉన్నవారు మాత్రం చాలా తక్కువ. కోనసీమ, కాకినాడ, నరసాపురం ప్రాంతాల యువకులు, వారి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఈ లోటును దృష్టిలో పెట్టుకొనే ఇక్కడ సమాధానాలు రాశాను.

ఈ రంగంలో పడవ నడపడం కాకుండా ఇంకేమి పనులు ఉంటాయి?

చాలా ఉంటాయి. నది మీద రేవు పంటులు (మనుషులను, వాహనాలను ఏరు దాటించే బల్లకట్టు పడవలు), పాపికొండల లాంచీలు, దిండి దగ్గర హౌస్‌బోట్లు నడుస్తున్నాయి. సముద్రం అంచున చేపల బోట్లు, కాకినాడ పోర్టులో సరుకు మోసే చదునైన బార్జీలు, వాటిని లాగే టగ్గులు, చమురు బావులకు సరుకు మోసే సరఫరా నౌకలు ఉన్నాయి. అక్కడి నుంచి ముందుకు వెళితే దేశదేశాలు తిరిగే వాణిజ్య నౌకలు. వీటన్నిటికీ ఒడ్డున మరో ప్రపంచం ఉంది: పడవలు కట్టే వడ్రంగులు, ఫైబర్ పనివారు, ఇంజను మెకానిక్కులు, వెల్డర్లు, వలలు కట్టేవారు, ఐసు ఫ్యాక్టరీల వారు, సరుకు లెక్క రాసే టాలీ గుమాస్తాలు, నౌకా ఏజెంట్ల ఆఫీసుల్లో పనిచేసేవారు, పడవ గట్టిదనాన్ని పరీక్షించే సర్వేయర్లు.

మొదట తేల్చుకోవలసింది ఒక్కటే. మీరు డెక్కు మీద ఉండదలచుకున్నారా, ఇంజను దగ్గరా, ఒడ్డునా? ఈ మూడు దారుల చదువులు, పరీక్షలు వేరు. ఒక దారిలో కొన్నేళ్లు గడిచాక రెండో దారికి మారడం కుదరనిది కాదు గానీ, దాదాపు మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎక్కవలసి వస్తుంది.

సరంగు, డ్రైవరు, కలాసీ అంటే ఎవరెవరు?

సరంగు పడవకు పెద్ద. చుక్కాని ఆయన చేతిలో ఉంటుంది, దారి నిర్ణయం ఆయనది, ఎక్కినవారి ప్రాణాలకు జవాబుదారీ కూడా ఆయనే. ప్రభుత్వ పత్రాలలో ఈ బాధ్యతకు మాస్టర్ అనే హోదాను తరగతులవారీగా వాడుతున్నారు. డ్రైవరు అంటే ఇంజను చూసే మనిషి. రోడ్డు వాహనాలకు అలవాటుపడినవారు డ్రైవరే పడవను నడుపుతాడని పొరబడుతుంటారు. చేపల బోట్లలో, చిన్న పడవల్లో ఈ రెండు పనులూ ఒక్కరే చేయడం వల్ల ఆ మాటలు అక్కడ కలిసిపోయాయి. కలాసీ మోకులు, లంగరు చూస్తాడు, ప్రయాణికులను ఎక్కించి దించుతాడు, పడవను శుభ్రం చేస్తాడు, అవసరమైతే గెడ వేస్తాడు. ఈ రంగంలోకి వచ్చే దాదాపు ప్రతి ఒక్కరూ కలాసీగానే మొదలుపెడతారు.

నేను చిన్నప్పటి నుంచి పడవ నడుపుతున్నాను. నాకు సర్టిఫికెట్టు ఎందుకు?

ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది నిజంగానే గొప్ప పనివారు. ఇసుక మేట ఈ ఏడాది ఎటు జరిగిందో, పోటు ఏ వేళకు మొగలోకి (నది సముద్రంలో కలిసే చోటికి) ఎక్కుతుందో, పాటు (పోటు వెనక్కి తీసే నీరు) మీద పడవను ఎంత దూరం వదలవచ్చో వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ నేర్పును తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏ మాత్రం లేదు. అయినా కాగితం కావాలని చెప్పడానికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది చట్టం. 1917 నాటి పాత చట్టం స్థానంలో దేశీయ నౌకల చట్టం 2021లో వచ్చింది. దాని ప్రకారం నదులు, కాల్వల్లో ఇంజనుతో నడిచే నౌకకు రిజిస్ట్రేషన్, సర్వే పత్రం, బీమా ఉండాలి. దాన్ని నడిపే సిబ్బందికి అర్హతా పత్రాలు ఉండాలి. ఈ చట్టం కింద పొందిన పత్రాలు అన్ని రాష్ట్రాలలోనూ చెల్లుతాయి. రాజమహేంద్రవరంలో నేర్చుకొని గంగ మీదనో బ్రహ్మపుత్ర మీదనో ఉద్యోగం చేయడానికి ఇది తోవ ఇస్తుంది.

రెండో కారణం నా దృష్టిలో ఇంకా పెద్దది. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వసిష్ఠ బోటు మునిగిపోయింది. గోదావరి వరద మీద ఉన్న రోజు అది. విహారానికి వచ్చిన కుటుంబాలకు కుటుంబాలే ఆ నీటిలో కలిసిపోయాయి. నది తెలిసిన మనిషికి కూడా విడిగా నేర్చుకోవలసిన విషయాలు ఉన్నాయని ఆ ప్రమాదం తర్వాత ఒప్పుకోక తప్పదు. బరువు ఒక పక్కకు జరిగితే పడవ నిలకడ ఎలా మారుతుంది, పై అంతస్తులో జనం ఎక్కువైతే ఏమవుతుంది, ఇంజను ఆగిపోయిన క్షణంలో ఎవరు ఏమి చేయాలి, లైఫ్‌జాకెట్టు తొడుక్కోమని ప్రయాణికులకు ఏ మాటల్లో చెబితే వింటారు అన్నవి అనుభవంతో కొంతవరకే వస్తాయి. మిగిలింది శిక్షణలో, మళ్లీ మళ్లీ చేయించే డ్రిల్లులో వస్తుంది.

ఆ అర్హతా పత్రం ఎలా తెచ్చుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

కాకినాడలోని పోర్టు అధికారుల కార్యాలయంలో ముందుగా విచారించడం మంచిది. ఏ తరగతి పరీక్షకు ఎన్ని నెలల సేవ కావాలో, ఏ వైద్య పరీక్ష కావాలో అక్కడ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పద్ధతి ప్రకారం శిక్షణ పొందాలనుకునేవారికి పట్నాలో జాతీయ దేశీయ నౌకాయాన సంస్థ ఉంది. భారత దేశీయ జలమార్గాల ప్రాధికార సంస్థ ఆధ్వర్యంలో నడిచే ఈ సంస్థలో కొత్తగా చేరేవారికీ, ఇప్పటికే పనిలో ఉండి పై తరగతికి వెళ్లదలచినవారికీ కోర్సులు ఉన్నాయి. ఊరు దూరమని వెనకాడేవారు ఒక విషయం గమనించాలి. దేశంలో నదీ నౌకాయానం కోసమే నెలకొల్పిన సంస్థ అది, అక్కడ చదివినవారికి దొరికే పరిచయాలు కూడా ఉద్యోగానికి ఉపయోగపడతాయి.

మన దగ్గర చాలామంది ఆగిపోయేది పరీక్ష దగ్గర కాదు, సేవాకాలం రుజువు దగ్గర. కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం వంటి రేవుల్లో పంటు నడిపే హక్కు వేలం పాటలో వెళుతుంది. పాటదారు మారితే పాత పాటదారు దగ్గర పనిచేసిన ఏళ్లకు సాక్ష్యం లేకుండా పోతుంది. అందుకని పనిలో చేరిన రోజు నుంచే ఒక పుస్తకం పెట్టుకోండి. పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజను శక్తి, మీ హోదా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారు అన్నవి రాసి, యజమానితోనూ సరంగుతోనూ నెలనెలా సంతకం చేయించుకోండి. కూలి డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. పాస్‌బుక్కు పద్దు కూడా సాక్ష్యానికి పనికొస్తుంది.

పాపికొండల లాంచీల్లో పని ఏడాది పొడవునా ఉంటుందా?

ఉండదు. వరద కాలంలో బోట్లు ఆపేస్తారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు, ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగుల దగ్గర రెండోది, 17.75 అడుగుల దగ్గర మూడోది జారీ చేస్తారు. అయితే ఈ అంకెలు డెల్టా కోసం ఏర్పడినవని గుర్తుంచుకోవాలి. కొండల మధ్య నది ఇరుకవుతుంది కనుక అంతకన్నా చాలా తక్కువ ప్రవాహానికే అక్కడ సుడులు లేస్తాయి. కచ్చులూరు తర్వాత గండి పోచమ్మ, పోచవరం వంటి చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. వాటి అనుమతి లేకుండా బోటు తీయమని యజమాని ఒత్తిడి చేస్తే ఒప్పుకోవద్దు. కాదన్నందుకు ఆ పని పోయినా, నిబంధన పాటించే సరంగును కోరుకునే యజమానులు కూడా ఉన్నారు.

సీజనులో రద్దీ శీతాకాలంలోనూ సెలవుల్లోనూ ఉంటుంది. మిగతా నెలల్లో లాంచీ పనివారు మరమ్మతులకో వ్యవసాయానికో వెళుతున్నారు. ఇదే పనిలో స్థిరపడాలనుకునేవారు ఇంజను పని కూడా నేర్చుకొని ఉంటే ఖాళీ నెలలు తగ్గుతాయి.

పదో తరగతి పాసయ్యాను. చేపల బోట్ల వైపు మంచి చదువు ఏదైనా ఉందా?

ఉంది, కానీ తగినంత ప్రచారం లేదు. కొచ్చి కేంద్రంగా పనిచేసే కేంద్ర మత్స్య నౌకాయాన, ఇంజనీరింగ్ శిక్షణ సంస్థను అందరూ సిఫ్‌నెట్ అంటారు. దానికి విశాఖపట్నంలోనూ చెన్నైలోనూ శాఖలు ఉన్నాయి. అక్కడ వెస్సెల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ అనే రెండేళ్ల కోర్సులకు పదో తరగతిలో గణితం, సైన్సు తగిన మార్కులతో పాసైనవారు దరఖాస్తు చేసుకోవచ్చు. మొదటిది డెక్కు వైపు, రెండోది ఇంజను వైపు. ఆ తర్వాత నిర్ణీత కాలం సముద్రం మీద పనిచేసి పరీక్షలు రాస్తే చేపల నౌకకు మేట్ (కెప్టెన్ తర్వాతి అధికారి), స్కిప్పర్ (కెప్టెన్) లేదా ఇంజనీరు కావచ్చు. మత్స్య పరిశోధన నౌకల్లో కూడా ఈ అర్హతలకు విలువ ఉంది. ఇంటర్ సైన్సు చదివినవారికి కొచ్చిలో నాటికల్ సైన్స్‌తో (నౌక నడిపే శాస్త్రంతో) కూడిన మత్స్యశాస్త్ర డిగ్రీ ఉంది.

రెండేళ్లు చదివే వీలు లేని మత్స్యకార యువకులు కాకినాడ జగన్నాథపురంలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థను సంప్రదించాలి. ఇంజను మరమ్మతు, వలలు, బోటు నడపడం వంటి అంశాలలో అక్కడ తక్కువ కాలపు శిక్షణలు ఇస్తుంటారు. వాటి తేదీలు ముందుగా ఊళ్లలోకి చేరవు కనుక మీ గ్రామ మత్స్య సహాయకుడిని అడుగుతూ ఉండండి.

చేపల బోటులో జీతం ఇస్తారా, వాటా ఇస్తారా?

ఎక్కువ బోట్లలో వాటా పద్ధతే నడుస్తోంది. సరుకు అమ్మిన డబ్బులోంచి డీజిలు, ఐసు, తిండి సామాను ఖర్చులు తీసి, మిగిలిన దాన్ని యజమానికీ సిబ్బందికీ పంచుతారు. బోటు నడిపేవారికి మామూలు కలాసీకన్నా ఎక్కువ వాటా ఉంటుంది. ఖర్చులు ముందు తీసే పద్ధతి కనుక ఆ ఖర్చుల లెక్క సిబ్బందికి కనిపించేలా ఉండాలి. డీజిలు బిల్లు, ఐసు బిల్లు, వేలం చీటీ మూడూ చూపమని అడగడంలో తప్పు లేదు, నమ్మకం ఉన్న యజమాని దానికి నొచ్చుకోడు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. ఆ కాలంలో ప్రభుత్వం ఇచ్చే భృతి అందాలంటే బోటు రిజిస్టరై ఉండాలి, సిబ్బంది జాబితాలో మీ పేరు ఉండాలి. బోటు మీద పనిచేస్తూ కూడా జాబితాలో పేరు లేని కలాసీలు ఆ సాయానికి దూరమవుతున్నారు. నిషేధం మొదలయ్యే ముందే పేరు నమోదైందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో చూసుకోండి.

కాకినాడ పోర్టులో స్థానికులకు ఎలాంటి పనులు దొరుకుతాయి?

కాకినాడలో రెండు రకాల నౌకాశ్రయాలు పక్కపక్కనే పనిచేస్తున్నాయి. డీప్ వాటర్ పోర్టులో నౌక నేరుగా బెర్తుకు, అంటే ఒడ్డున కట్టిన నిలుపు చోటుకు, వస్తుంది. యాంకరేజ్ పోర్టులో మాత్రం నౌక లోతైన నీటిలో లంగరు వేసి నిలబడుతుంది, హోప్ ఐలాండ్ అలలను అడ్డుకుంటుంది, బియ్యం వంటి సరుకు కాలువ నుంచి బార్జీల మీద నౌక దగ్గరకు వెళుతుంది. మనుషుల అవసరం ఎక్కువగా ఉండేది ఈ రెండో చోటే. బార్జీకి సరంగు, కలాసీలు, టగ్గుకు మాస్టరు, డ్రైవరు, నౌక లోపలి సరుకు గదిలో బస్తాలు సర్దే కూలీలు, లెక్క రాసే టాలీ గుమాస్తాలు, నౌక రాకపోకల పత్రాలు చూసే ఏజెంటు ఆఫీసు సిబ్బంది కావాలి.

డిగ్రీ చదివి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు తప్పుల్లేకుండా రాయగలిగి, లెక్కలో జాగ్రత్త ఉన్న యువతీ యువకులకు ఏజెంటు ఆఫీసు పని మంచి ప్రారంభమని నా అభిప్రాయం. కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, పోర్టు ఆరోగ్య శాఖల పనితీరు అంతా అక్కడ నేర్చుకోవచ్చు. బార్జీ పని చూడడానికి తేలికగా కనిపిస్తుంది గానీ నౌకకూ బార్జీకీ మధ్య సందులో కాలో చెయ్యో పెట్టినవారు అలకు నలిగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. హెల్మెట్టు, బూట్లు, లైఫ్‌జాకెట్టు ఇవ్వని చోట పనిలో చేరవద్దు.

చమురు, గ్యాసు కంపెనీల నౌకల్లో పని దొరుకుతుందా?

దొరుకుతుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఓడలరేవు దగ్గర ఓఎన్‌జీసీకీ, గాడిమొగ దగ్గర రిలయన్స్‌కూ ఒడ్డు టెర్మినళ్లు ఉన్నాయి. సముద్రంలోని బావులకు మనుషులను, నీటిని, ఇంధనాన్ని, పైపులను చేరవేసే నౌకలు ఉన్నాయి. కానీ వాటిని నడిపేది సాధారణంగా కాంట్రాక్టు నౌకా కంపెనీలు. అవి వాణిజ్య నౌకలకు కావలసిన పత్రాలనే అడుగుతాయి. టెర్మినల్ మన ఊళ్లో ఉంది కనుక నౌక ఉద్యోగం కూడా ఊరి కోటాలో వస్తుందని చెప్పేవారి మాట వినకండి.

మర్చంట్ నేవీలో, అంటే వాణిజ్య నౌకల్లో, చేరడానికి సరైన దారి ఏది?

పదో తరగతి అర్హతతో వెళ్లేవారికి జీపీ రేటింగ్ (జనరల్ పర్పస్ రేటింగ్, అంటే ఆఫీసరు కాని సిబ్బంది) అనే ఆరు నెలల శిక్షణ ఉంది. సైన్సు, గణితం, ఇంగ్లీషు సబ్జెక్టులతో పాసై, మొత్తంలోనూ ఇంగ్లీషులోనూ కనీసం 40 శాతం మార్కులు ఉండాలి. వయసు సాధారణంగా పదిహేడున్నర నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి. శిక్షణ చివర పరీక్ష పాసయ్యాక నౌకలో మొదట ట్రైనీగా, ఆపై ఆర్డినరీ సీమన్‌గా, తగిన సేవ తర్వాత ఏబుల్ సీమన్‌గా ఎదుగుతారు.

ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం కలిపి 60 శాతం వచ్చినవారు ఆఫీసరు దారి చూడాలి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ నిర్వహించే ప్రవేశ పరీక్ష ద్వారా ఏడాది కాలపు నాటికల్ సైన్స్ డిప్లొమాలోనో, నాలుగేళ్ల మెరైన్ ఇంజనీరింగ్ డిగ్రీలోనో చేరవచ్చు. డిప్లొమా తర్వాత పద్దెనిమిది నెలలు క్యాడెట్‌గా సముద్రం మీద ఉండాలి. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసినవారికి ఏడాది కోర్సు వేరుగా ఉంది. నౌకల రూపకల్పన మీద ఆసక్తి ఉంటే అదే విశ్వవిద్యాలయపు విశాఖ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ చదవవచ్చు.

ఏ దారిలో వెళ్లినా డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ నౌకాయాన డైరెక్టరేట్) ఇచ్చే ఇండోస్ నంబరు (నావికుల జాతీయ నమోదు సంఖ్య), సీడీసీ అనే నావికుడి పుస్తకం, పాస్‌పోర్టు, ప్రాథమిక భద్రతా కోర్సులు తప్పనిసరి. నీటిలో ప్రాణాలు కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, నౌక మీద వ్యక్తిగత బాధ్యతలు, నౌక రక్షణ ఆ కోర్సుల్లోని విషయాలు. డీజీ షిప్పింగ్ గుర్తింపు లేని సంస్థలో ఇవే పేర్లతో కోర్సు చేసినా ఆ పత్రం ఎక్కడా చెల్లదు.

ఒక ఏజెంటు లక్షల్లో డబ్బు కడితే నౌకలో ఉద్యోగం ఇప్పిస్తానంటున్నాడు. కట్టవచ్చా?

కట్టకూడదు. ఈ ఒక్క సమాధానం మాత్రం దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

నావికులను నౌకల్లోకి పంపే సంస్థకు డీజీ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. దాన్ని ఆర్‌పీఎస్‌ఎల్ అంటారు. లైసెన్సు ఉన్న సంస్థ కూడా ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. భారతదేశం 2015లో ఆమోదించిన నావిక కార్మిక ఒడంబడిక అదే చెబుతోంది, మన నియమాలు కూడా అదే చెబుతున్నాయి. అంటే డబ్బు అడిగాడంటే, లైసెన్సు ఉన్నా లేకపోయినా, అక్కడే నియమం తప్పినట్టు.

మోసం సాధారణంగా ఇలా నడుస్తుంది. శిక్షణ సంస్థ ఫీజుతో పాటు ‘ప్లేస్‌మెంటు’ డబ్బు కూడా కలిపి అడుగుతారు. నగదే కావాలంటారు, రసీదు ఇవ్వరు. కొన్నాళ్లకు నౌక పేరు చెప్పకుండా టూరిస్టు వీసా మీద విదేశానికి పంపుతారు. అక్కడ ఎక్కించే పాత నౌకకు బీమా ఉండదు, జీతం రాదు, పాస్‌పోర్టు కెప్టెన్ దగ్గర ఉండిపోతుంది. ఇల్లు తాకట్టు పెట్టి, చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు తీసి ఇచ్చిన కుటుంబాలు మన తీరంలో ఉన్నాయి. అప్పు ఇంటి దగ్గర పెరుగుతుంటే పిల్లవాడు జీతం లేకుండా ఎక్కడో లంగరు మీద ఉండడం ఎంత నరకమో వారికే తెలుసు.

కాబట్టి ముందుగా డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో ఆ సంస్థ లైసెన్సు నంబరు, అది ఇప్పటికీ అమలులో ఉందో లేదో చూడండి. నౌక పేరు, ఏడంకెల ఐఎంఓ నంబరు (ప్రతి నౌకకూ ఉండే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య), యజమాని కంపెనీ పేరు రాతపూర్వకంగా తీసుకోండి. జీతం, పని కాలం, తిరుగు ప్రయాణ ఖర్చు ఎవరిదో రాసిన ఒప్పందం మీద సంతకం అయ్యాకే బయలుదేరండి, దాని ప్రతి ఒకటి ఇంట్లో ఉంచండి. ఇవి అడిగితే కోప్పడే ఏజెంటు దగ్గరి నుంచి లేచి వచ్చేయండి.

కంటి చూపు సరిగా లేకపోతే అవకాశం ఉండదా?

డెక్కు పనికి కళ్లజోడు లేకుండా మంచి చూపు, రంగులను గుర్తించే శక్తి ఉండాలి. రాత్రి వేళ ఎదురుగా వచ్చే నౌకకు తన ఎడమ వైపు ఎర్ర దీపం, తన కుడి వైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. వాటిని బట్టే అది ఎటు వెళుతోందో తెలుస్తుంది. ఆ రెండు రంగులకు తేడా కనిపించని మనిషి చేతికి చుక్కాని ఇవ్వడం కుదరదు. ఇంజను వైపు చూపు నియమాలు కొంత సడలింపుగా ఉంటాయి. రంగుల లోపం ఉన్న సంగతి చాలామందికి తమకే తెలియదు కనుక కోర్సు ఫీజు కట్టక ముందే డీజీ షిప్పింగ్ గుర్తించిన వైద్యుడి దగ్గర పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్ష ఖర్చు కోర్సు ఫీజుతో పోలిస్తే లెక్కలోనిది కాదు.

పడవలు కట్టే పనికి ఇంకా భవిష్యత్తు ఉందా?

ఉంది, రూపం మారింది. తాళ్లరేవు, కోరంగి ప్రాంతం ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టిన చోటు. 1839 తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టింది, తర్వాత ఒండ్రు పూడిక మిగిలిన దాన్ని కమ్మేసింది. అయినా పడవ పని ఆ చుట్టుపక్కల ఊళ్లను వదలలేదు. ఇవాళ అక్కడ కర్రతో కట్టే బోట్లూ ఉన్నాయి, ఫైబర్ బోట్లూ ఉన్నాయి.

కర్ర పనిలో అసలు నేర్పు కలపను ఎంచుకోవడంలో ఉంది. లోపలి వంపు చట్రాలకు సహజంగానే వంకర తిరిగిన తుమ్మ కొమ్మను వెదుకుతారు. తిన్నటి దుంగను వంపుగా కోస్తే నార తెగి, మొదటి పెద్ద అలకే పగులుతుంది. పలకల సందుల్లో నూలు దట్టించి, పైన మందు పూసి నీరు రాకుండా చేస్తారు. ఈ పని చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు, అందువల్ల తెలిసిన వడ్రంగికి గిరాకీ తగ్గలేదు.

ఫైబర్ పని తొందరగా వస్తుంది. అచ్చు మీద జెల్‌కోటు (పై నునుపు పూత) పూసి, గాజు పీచు మ్యాటు పరిచి, గట్టిపడే మందు కలిపిన రెజిను పోసి, పొరల మధ్య గాలి బుడగలు మిగలకుండా రోలరుతో నొక్కాలి. మిగిలిన ప్రతి బుడగ తర్వాత నీరు చేరే చోటు అవుతుంది. మందు పాలు ఎక్కువైతే రెజిను వేడెక్కి పగులుతుంది, తక్కువైతే గట్టిపడదు. ఆ వాసన ఊపిరితిత్తులకు మంచిది కాదు, మూతికి తువాలు కట్టుకుంటే చాలదు. సరైన మాస్కు, చేతి తొడుగులు వాడండి, పని చోటుకు గాలి ఆడేలా చూసుకోండి. యార్డుల్లో పని ఎక్కువగా వేట నిషేధ కాలంలో ఉంటుంది, బోట్లన్నీ అప్పుడే ఒడ్డెక్కుతాయి. నేర్చుకోదలచినవారు ఏప్రిల్‌లో వెళ్లి అడగాలి.

లారీ మెకానిక్కుగా చేస్తున్నాను. బోటు ఇంజన్లకు మారవచ్చా?

మారవచ్చు. మన సముద్రపు బోట్లలో చాలా వాటికి లారీ ఇంజను జాతికి చెందిన డీజిలు ఇంజన్లే ఉంటాయి కనుక సగం పని మీకు ముందే తెలుసు. తెలియనిది నీటితో ముడిపడిన సగం. లారీకి ఉన్నట్టు ఎదురుగాలి తగిలే రేడియేటరు ఇక్కడ ఉండదు. ఇంజనును నదీ జలమో సముద్రపు నీరో చల్లబరచాలి. డెల్టా కాల్వల్లో గుర్రపుడెక్క నీరు తీసుకునే రంధ్రాన్ని మూసేస్తుంది, మొగల దగ్గర ఇసుక పంపు రెక్కలను అరగదీస్తుంది. ఔట్‌బోర్డు (పడవ వెనక బయట బిగించే) ఇంజను వెనక సన్నగా పడే నీటిధార ఆగిందంటే ఇంజను వెంటనే ఆపాలి. ఉప్పునీటిలో తిరిగి వచ్చిన ఇంజనులో మంచినీరు పోయించే అలవాటు యజమానికి చేయించడం కూడా మెకానిక్కు పనే.

ఇంకొకటి షాఫ్టు. ఇంజను నుంచి పంకాకు వెళ్లే షాఫ్టు పడవ అడుగు దాటే చోట గ్లాండు, అంటే నీరు లోపలికి రాకుండా ప్యాకింగు దట్టించిన బిగింపు, ఉంటుంది. బోటు నడుస్తున్నప్పుడు అక్కడ నీరు చుక్కచుక్కగా పడుతూ ఉండాలి. కొత్తగా వచ్చిన లారీ మెకానిక్కు ఆ చుక్కలు చూసి కారుతోందని గట్టిగా బిగిస్తాడు. అప్పుడు నీటి తడి అందక ప్యాకింగు కాలిపోయి, షాఫ్టు గాడి పడుతుంది. ఎన్ని చుక్కలు ఉండనివ్వాలో చేయి తిరిగిన బోటు మెకానిక్కు పక్కన ఒక సీజను ఉంటే తెలుస్తుంది. ఐటీఐలో డీజిలు మెకానిక్కో ఫిట్టరో చేసినవారు విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ ప్రకటనలను కూడా గమనిస్తూ ఉండాలి.

నేవీ, కోస్ట్ గార్డ్ గురించి?

అవి వేరే పరీక్షలు, వేరే సర్వీసు. నేవీలో అగ్నివీరులుగా, కోస్ట్ గార్డ్‌లో నావిక్, యాంత్రిక్ హోదాల్లో చేరవచ్చు. ప్రకటనలు అధికారిక వెబ్‌సైట్లలోనే వస్తాయి, ఏజెంట్ల పాత్ర ఏమీ ఉండదు.

ఆడపిల్లలు ఈ రంగంలోకి రావచ్చా?

రావచ్చు. వాణిజ్య నౌకల్లో ఆఫీసరు కోర్సులు, మెరైన్ ఇంజనీరింగ్, నౌకా నిర్మాణ చదువులు అమ్మాయిలకూ తెరిచే ఉన్నాయి. నేవీ అగ్నివీరులుగా 2022 నుంచి వారిని తీసుకుంటున్నారు. చిన్న పడవల్లో, చేపల బోట్లలో విడి గది, మరుగుదొడ్డి లేకపోవడం నిజమైన అడ్డంకి, దాన్ని దాచిపెట్టడం మంచిది కాదు. కంపెనీ ఎంచుకునేటప్పుడు ఇంతకుముందు మహిళా క్యాడెట్లను తీసుకుందో లేదో అడగండి.

ఈత బాగా వస్తే చాలా?

ఈత తప్పనిసరి, కానీ చాలదు. గోదావరి ఈతగాళ్లు చాలామంది ఇసుక పడవల మీద వెళ్లి, నీటిలో మునిగి బకెట్లతో ఇసుక తోడే పనిలో ఉన్నారు. ఆ పనిలో దమ్ము పెరుగుతుందే గానీ పత్రమేదీ రాదు. నీటి లోపల వెల్డింగు, నౌక అడుగు తనిఖీ వంటి కమర్షియల్ డైవింగు పనులకు శిక్షణ, వైద్య పరీక్షలు వేరుగా ఉన్నాయి. మునిగిన బోట్లను వెలికితీయడం కూడా ఒక వృత్తే. కచ్చులూరులో నెలకు పైగా నది అడుగున ఉన్న బోటును 2019 అక్టోబర్‌లో బయటకు తెచ్చింది కాకినాడ నుంచి వెళ్లిన స్థానిక బృందం, విశాఖ డైవర్ల తోడుతో.

కాల్వల్లో సరుకు పడవలు మళ్లీ వస్తాయని వింటున్నాం. వాటి కోసం ఎదురుచూడవచ్చా?

కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు, 2016 చట్టంతో దాన్ని ఇంకా పొడిగించారు. కాటన్ ఆనకట్ట తర్వాత తవ్విన కాల్వలు సాగునీటితో పాటు పడవల కోసం కూడా తవ్వినవే; లాకులు (నీటిమట్టం మారే చోట పడవను దాటించే తలుపుల కట్టడాలు) ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ రాకపోకలు మళ్లీ రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ డెల్టా కాల్వల్లో సరుకు రవాణా ఇంకా ఆ స్థాయికి రాలేదు కనుక, దాన్ని నమ్ముకొని ఇప్పుడున్న చదువును గానీ పనిని గానీ ఆపుకోవద్దు.

నాకు నలభై ఏళ్లు దాటాయి. ఇప్పుడు ఏమి చేయగలను?

వాణిజ్య నౌకల ప్రవేశ వయసు దాటిపోయింది. నది మీది అర్హతా పత్రాలకు మాత్రం మీ అనుభవమే పెట్టుబడి. పాత యజమానులు బతికి ఉండగానే, పాత పడవల రిజిస్ట్రేషన్ పత్రాలు దొరుకుతుండగానే వెళ్లి సేవా ధ్రువీకరణలు రాయించుకోండి. ఆధార్, పదో తరగతి పత్రం, మత్స్యకార గుర్తింపు కార్డులలో మీ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక ఉన్నా దరఖాస్తు వెనక్కి వస్తుంది. చదవడం రాయడం రానివారు ఇంట్లో చదువుకున్న పిల్లలను వెంటబెట్టుకొని కార్యాలయానికి వెళ్లండి, ఏ పరీక్ష ఏ భాషలో జరుగుతుందో, మౌఖికంగా ఏమి అడుగుతారో తెలుసుకొని, దరఖాస్తు చేసిన రోజే దాని మీద తేదీతో రసీదు తీసుకోండి.